ఇల్లు ఖాయం చేసుకునే ముందు వీధి ఎలాంటిదో తేల్చుకోవడం ఎలా

"మంచి ఏరియా", "అటు మాత్రం వద్దు". ఏ ప్రాంతం గురించి అడిగినా జనం ఈ రెండు మాటల్లో ఏదో ఒకటి అనేస్తారు. ఇల్లు వెతుక్కునేవాళ్ళకు ఈ రెండూ ఎందుకూ కొరగావు. నేరాలు ఏ ప్రాంతంలోనూ అంతటా ఒకేలా జరగవు. అమెరికాలోని మినియాపోలిస్ నగరంలో పోలీసులకు వచ్చిన ఫోన్ కాల్స్‌ను చిరునామాల వారీగా విడదీసి చూస్తే, సగం కాల్స్ కేవలం 3 శాతం చిరునామాల నుంచే వచ్చినట్టు తేలింది. నేరశాస్త్రవేత్త లారెన్స్ షెర్మన్ బృందం 1989లో ఈ లెక్క ప్రచురించింది. ఆ తర్వాత వేరే నగరాల్లో చేసిన పరిశీలనల్లోనూ ఇంచుమించు ఇదే తీరు కనబడింది. చెడ్డపేరు మోస్తున్న ప్రాంతంలో కూడా చాలా వీధులు ప్రశాంతంగానే ఉంటాయి. మంచిపేరున్న కాలనీలో ఒక్క సందు చాలు, అందరికీ తలనొప్పి తేవడానికి. అందుకే మీరు తేల్చుకోవాల్సింది ఏరియా సంగతి కాదు, మీరు ఉండబోయే వీధి, మీరు రోజూ నడిచే దారి సంగతి.

దీనికి రెండు వారాలు పెట్టుకోండి. పని మొత్తం ఏడెనిమిది గంటలదే. కాకపోతే వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో చేయాలి.

1. మ్యాప్ గీసుకోండి

ఇంటి చుట్టూ 200 మీటర్ల దూరంతో ఒక గీత, 500 మీటర్లతో ఇంకొక గీత గీయండి. ఇంటి నుంచి బస్సెక్కే చోటికి, పిల్లల బడికి, సరుకులు తెచ్చుకునే కొట్టుకు, బండి పెట్టుకునే చోటికి వెళ్ళే దారులు వేరే రంగుతో గీయండి. 500 మీటర్ల లోపల ఉన్న మద్యం దుకాణాలు, సగంలో ఆగిపోయిన కట్టడాలు, కంచె లేని ఖాళీ స్థలాలు, ఇళ్ళ వెనక సందులు, అడ్డదారులు గుర్తు పెట్టండి. ఇంటి వెనక గోడ ఏ సందులోకి ఉందో తప్పకుండా చూడండి. వీధి వైపు తలుపు నలుగురి కంటా పడుతుంది కాబట్టి దొంగ దాని జోలికి అంతగా రాడు. వెనక వైపు వంటగది కిటికీ దగ్గర పది నిమిషాలు కూర్చున్నా చూసేవాళ్ళు ఉండరు.

2. లెక్కలు తెచ్చుకోండి, వాటిని నమ్మే ముందు సరిచూసుకోండి

పోలీసు శాఖ ప్రచురించే గణాంకాల్లో, లేదా స్టేషన్‌లో అడిగి, కనీసం మూడేళ్ళ వివరాలు సంపాదించండి. "మొత్తం నేరాలు" అనే ఒక్క అంకె ఎందుకూ పనికిరాదు. సైకిల్ దొంగతనమూ హత్యాయత్నమూ అందులో ఒకే లెక్క. ఇంటి దొంగతనాలు, వాహన దొంగతనాలు, వీధిలో లాక్కుపోవడాలు, దాడులు, ఆడవాళ్ళ మీద వేధింపులు, ఇలా విడివిడిగా తీసుకోండి. ఏ వేళ జరిగాయో తెలిస్తే ఇంకా మంచిది.

నేరాల రేటు అంటే ఏడాదిలో జరిగిన నేరాలను జనాభాతో భాగించి లక్షతో గుణించగా వచ్చేది. ఉదాహరణకు, 4,000 మంది ఉన్న కాలనీలో మూడేళ్ళలో వరుసగా 6, 11, 7 ఇంటి దొంగతనాలు నమోదయ్యాయనుకోండి. మొత్తం 24, ఏడాదికి సగటున 8. అంటే లక్ష మందికి 200. నగరం మొత్తానికి ఆ రేటు 150 అని ఉంటే, ఈ కాలనీ నగరం కంటే ప్రమాదకరమని వెంటనే అనిపిస్తుంది. అనేయకండి. చిన్న సంఖ్యలు ఏ కారణమూ లేకుండానే పైకీ కిందికీ ఊగుతాయి. ఆ ఊపు ఎంతో తెలియాలంటే మొత్తానికి వర్గమూలం తీసి రెట్టింపు చేయండి. 24కి వర్గమూలం దాదాపు 5, రెట్టింపు 10. అంటే అసలు పరిస్థితి మారకపోయినా మూడేళ్ళ మొత్తం 14 నుంచి 34 దాకా ఎక్కడైనా పడొచ్చు. రేటుగా చూస్తే 117 నుంచి 283. నగరపు 150 ఆ మధ్యలోనే ఉంది కాబట్టి తేడా ఉందని చెప్పడానికి ఈ అంకెలు చాలవు. 6 నుంచి 11కి పెరిగిన ఏడాది "దొంగతనాలు 83 శాతం పెరిగాయి" అని వార్త రావచ్చు. లెక్క తప్పు కాదు, కానీ దాన్ని చూసి నిర్ణయం తీసుకుంటే తప్పు.

ఇంకో చిక్కు జనాభా అంకెతో వస్తుంది. పెద్ద బజారో, బస్సు స్టేషనో ఉన్న చోట పగలు వేల మంది వచ్చిపోతుంటారు. అక్కడ జరిగే జేబుదొంగతనాలన్నీ రాత్రి అక్కడ పడుకునే కొద్దిమంది లెక్కలో పడతాయి. రేటు ఆకాశాన్నంటుతుంది, నివాసముండేవాళ్ళకు మాత్రం ఆ ప్రమాదం అంత ఉండదు. ఇంటి దొంగతనాలను మనుషులతో కాకుండా ఇళ్ళ సంఖ్యతో భాగించి చూస్తే, వెయ్యి ఇళ్ళకు ఏడాదికి ఎన్ని అనేది తేలుతుంది. దీంట్లో పొరపాటుకు చోటు తక్కువ.

అన్నిటికంటే పెద్ద చిక్కు, కంప్లైంట్ ఇవ్వని నేరాలు. వాహనం పోతే ఇన్సూరెన్సు కోసమైనా పోలీసుల దగ్గరికి వెళ్తారు కాబట్టి ఆ అంకె వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. చిన్న చోరీలు, వీధి వేధింపులు, ఇంట్లో కొట్టడాలు చాలావరకు రిజిస్టరుకు ఎక్కవు. అందుకే అమెరికాలో 1973 నుంచి, ఇంగ్లండ్, వేల్స్‌లలో 1982 నుంచి ఇళ్ళకే వెళ్ళి "మీకేమైనా జరిగిందా" అని అడిగే సర్వేలు నడుపుతున్నారు. ఇందులో ఇంకో సంగతి ఉంది. వచ్చినవాళ్ళ కంప్లైంట్ శ్రద్ధగా రాసుకునే స్టేషన్ పరిధిలో అంకెలు ఎక్కువ కనిపిస్తాయి, తిప్పి పంపేసే స్టేషన్ పరిధి కాగితం మీద చల్లగా ఉంటుంది. కాబట్టి రెండు ప్రాంతాలను పోల్చాలంటే వాహన దొంగతనాల అంకెను ముందు పెట్టుకోండి. వేధింపుల అంకె సున్నా అని ఉంటే సంతోషపడకండి, నాలుగో మెట్టులో మనుషుల్ని అడిగి తెలుసుకోండి.

3. నాలుగు వేళల్లో నడవండి

పనిరోజు ఉదయం 8 గంటలకు, పనిరోజు మధ్యాహ్నం 2 గంటలకు, రాత్రి 10 గంటలకు, సెలవు రోజుకు ముందు రాత్రి 11 గంటల తర్వాత. ప్రతిసారీ అరగంట. రాత్రి నడకకు తోడు తీసుకెళ్ళండి. మధ్యాహ్నం నడక మానేయాలనిపిస్తుంది, అసలు ముఖ్యమైంది అదే. అందరూ పనులకు వెళ్ళాక ఇళ్ళు ఖాళీగా ఉండే వేళ అది. ఇళ్ళ దొంగతనాలు పగలు కూడా జరుగుతాయి.

లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ అనే అమెరికా పరిశోధకులు 1979లో చెప్పిన మాట ఈ నడకలో మీకు పనికొస్తుంది. నేరం జరగాలంటే మూడు కలవాలి: చేయాలనుకునేవాడు, చేతికందే వస్తువు, అడ్డుపడే మనిషి లేకపోవడం. మొదటిది మీ కంటికి కనిపించదు. మిగిలిన రెండూ వీధిలో నడిస్తే తెలిసిపోతాయి.

నేల చూడండి. బళ్ళు నిలిపే చోట రోడ్డంచున, మట్టిలో, పప్పుబద్దలంత గాజు ముక్కలు మెరుస్తున్నాయేమో గమనించండి. కారు పక్క అద్దం పగిలితే కిటికీ గాజులా పొడుగాటి పెంకులుగా రాదు, మొద్దు అంచులున్న చిన్న చిన్న ముక్కలుగా రాలుతుంది. ఊడ్చినా కొన్ని రోడ్డంచు సందుల్లో నెలల తరబడి ఉండిపోతాయి. ఒక చోట కనబడితే ప్రమాదం జరిగి ఉండొచ్చు. ఒకే వరుసలో మూడు నాలుగు చోట్ల కనబడితే అక్కడ కార్ల అద్దాలు పగలగొట్టి సామాను తీస్తున్నారని అనుకోవచ్చు.

తలుపులు చూడండి. తాళం నాలుక దూరే చోట చట్రం మీద కొత్త చెక్క అతుకు, రంగు కలవని పుట్టీ, తర్వాత బిగించిన ఇనుప పట్టీ ఉన్నాయంటే ఆ తలుపును ఎప్పుడో గునపంతో లేపారన్నమాట. మీరు తీసుకోబోయే ఇంటి తలుపుకే ఆ గుర్తు ఉంటే యజమానిని సూటిగా అడగండి. కిటికీ గ్రిల్స్ విషయంలో మాత్రం తొందరపడకండి. వీధంతా పాత గ్రిల్సే ఉంటే అది అలవాటు. ఈ మధ్యే నాలుగైదు ఇళ్ళకు కొత్తగా బిగించి ఉంటే దాని వెనక ఏదో జరిగింది.

దీపాలు లెక్కపెట్టండి. ఎన్ని స్తంభాలు, ఎన్ని వెలుగుతున్నాయి, ఎన్నిటిని చెట్ల కొమ్మలు కప్పేశాయి. వెలుగు చాలుతుందో లేదో తెలుసుకోవడానికి మీటరు అక్కర్లేదు. మీ వెంట వచ్చినవాళ్ళను నాలుగు మీటర్ల దూరంలో నిలబెట్టి, ముఖంలో భావం కనిపిస్తోందో లేదో చూడండి. ఒకే ఒక్క దీపం కళ్ళు జిగేల్‌మనేలా వెలుగుతూ పక్కనంతా చీకటిగా ఉండడం కంటే, తక్కువ వెలుగైనా అంతటా సమానంగా ఉండడమే మేలు. జిగేల్‌మనే వెలుగుకు అలవాటుపడిన కంటికి నీడలో నిలబడ్డ మనిషి కనిపించడు. న్యూయార్క్‌లోని ప్రభుత్వ గృహ సముదాయాల్లో 2016లో అదనపు దీపాలు పెట్టి చేసిన ప్రయోగంలో రాత్రిపూట ఆరుబయట జరిగే తీవ్ర నేరాలు మూడో వంతుకు పైగా తగ్గాయి.

మనుషుల్ని చూడండి. రాత్రి 10కి గుమ్మాల్లో ఎవరైనా కూర్చున్నారా, బాల్కనీల్లో కనబడుతున్నారా, కొట్టు తెరిచి ఉందా, ఆడవాళ్ళు ఒంటరిగా నడుస్తున్నారా, ముసలివాళ్ళు బయట ఉన్నారా. మగపిల్లలు మాత్రమే కనబడే వీధికీ, అన్ని వయసులవాళ్ళూ కనబడే వీధికీ చాలా తేడా ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. పెచ్చులూడిన గోడలు, ఆరేసిన బట్టలు, ఇరుకు ఇళ్ళు పేదరికానికి గుర్తులు, నేరానికి కావు. పగిలిన కిటికీల్లాంటి చిన్న చిన్న అస్తవ్యస్తాలను వదిలేస్తే పెద్ద నేరాలు వస్తాయని 1982లో జేమ్స్ విల్సన్, జార్జ్ కెల్లింగ్ అనే అమెరికన్లు ప్రతిపాదించిన వాదం బాగా ప్రచారమైంది కానీ, దాని మీద పరిశోధకుల మధ్య ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు. ఇరుకుగా, సందడిగా, అందరూ అందరికీ తెలిసి ఉండే బస్తీ వీధి, ఎత్తైన గోడల మధ్య పగలంతా నిర్మానుష్యంగా ఉండే ఖరీదైన వీధి కంటే ఎన్నోసార్లు భద్రంగా ఉంటుంది. మీరు వెతకాల్సినవి ఎవరూ పట్టించుకోవడం లేదని చెప్పే గుర్తులు: నాలుగు టైర్లూ దిగిపోయి దుమ్ముపట్టిన వాహనం, తలుపుల్లేని ఖాళీ ఇల్లు, నెలలుగా వెలగని దీపం.

4. అడగాల్సినవాళ్ళను అడగండి, అడగాల్సినట్టు అడగండి

బ్రోకరునూ యజమానినీ భద్రత గురించి అడిగి లాభం లేదు. రాత్రి ఆలస్యంగా మూసే కొట్టు మనిషి, పక్క భవనం వాచ్‌మన్, పార్సిళ్ళు తెచ్చే కుర్రాళ్ళు, ఆ వీధిలో ఉంటున్న ఆడవాళ్ళు, ఈ ఇల్లు ఖాళీ చేసి వెళ్ళినవాళ్ళు, వీళ్ళలో ఆరేడుగురితోనైనా మాట్లాడండి. ఖాళీ చేసినవాళ్ళ ఫోన్ నంబరు ఎలాగైనా సంపాదించండి. వాళ్ళకు దాచాల్సిన అవసరం లేదు.

"ఇక్కడ సేఫేనా అండీ?" అంటే "ఏం ఫర్వాలేదు" అనే జవాబే వస్తుంది. ఆ ప్రశ్న వదిలేసి జరిగినవాటి గురించి, అలవాట్ల గురించి అడగండి. "రాత్రి బండి బయటే పెడతారా, లోపల పెడతారా?" "ఈ వీధిలో ఆఖరిసారి బండి పోయింది ఎప్పుడు?" "ఊరెళ్తే ఇల్లు చూడమని ఎవరికి చెప్పి వెళ్తారు?" "మీ అమ్మాయి తొమ్మిదింటికి ఏ దారిన వస్తుంది?" ఈ ఆఖరి ప్రశ్నకు "మెయిన్ రోడ్డు చుట్టూ తిరిగి వస్తుందండీ, ఈ సందులోంచి రాదు" అని జవాబొస్తే, ఏ గణాంకాల్లోనూ దొరకని సమాచారం మీ చేతికొచ్చినట్టే. మ్యాప్ మీద ఆ సందును ఎర్రగా గుర్తు పెట్టండి. ముగ్గురు ఒకే చోటు పేరు చెబితే నమ్మండి. ఒక్కరే చెబితే అది ఎప్పటిదో, కళ్ళారా చూశారో విన్నారో అడగండి. పదేళ్ళ కిందటి ఘటన నిన్న జరిగినట్టు ఇంకా చెప్పుకుంటూ ఉంటారు.

స్టేషన్‌లో బీటు తిరిగే కానిస్టేబుల్ దొరికితే మంచిది. ఏ వీధుల నుంచి ఫోన్లు ఎక్కువ వస్తాయి, ఏ వేళ, రాత్రిపూట ఫోన్ చేస్తే రావడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది, ఈ మూడూ అడగండి చాలు.

సీసీ కెమెరాలున్నాయని చెబితే "నిన్న రాత్రి 2 గంటల రికార్డింగ్ చూపిస్తారా" అనండి. సగం చోట్ల అక్కడే అసలు సంగతి బయటపడుతుంది: కెమెరా పనిచేయదు, లేదా రికార్డు కాదు, లేదా దీపం ఎదురుగా ఉండి తెల్లటి మసక తప్ప ఏమీ కనబడదు. కెమెరాలు ఎక్కువగా ఉపయోగపడేది వాహనాలు నిలిపే చోట్ల. కొట్లాటల్లాంటివాటిని అవి పెద్దగా ఆపలేవు.

5. వసతులు కొలవండి

నీళ్ళు. అందరూ వాడుకునే ఉదయం వేళలో వెళ్ళి, పై అంతస్తు కుళాయి కింద 20 లీటర్ల బకెట్ పెట్టి టైము చూడండి. రెండు మూడు నిమిషాల్లో నిండితే ఇబ్బంది లేదు. ఐదు నిమిషాలు దాటితే పైపుల్లో పూడికో, ట్యాంకు ఎత్తు చాలకపోవడమో, సరఫరా లోటో ఉంది. మనిషికి రోజుకు 50 నుంచి 100 లీటర్లు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇంట్లో మనుషుల సంఖ్యతో గుణించి, ట్యాంకులో మీ వాటా ఎంతో పోల్చుకోండి. కరిగిన లవణాలు కొలిచే చిన్న టీడీఎస్ మీటరులో లీటరుకు 600 మిల్లీగ్రాముల లోపు వస్తే రుచి బాగుంటుంది, 1,000 దాటితే నోట పెట్టుకోవడం కష్టం. ఆ మీటరు చెప్పేది లవణాల సంగతే. టీడీఎస్ తక్కువ ఉన్న నీళ్ళలోనూ మురుగు కలిసి ఉండొచ్చు. తాగే నీటిలో 100 మిల్లీలీటర్లకు ఒక్క ఈ.కోలై (మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) కూడా ఉండకూడదు, అది ప్రయోగశాలలోనే తేలుతుంది. క్లోరిన్ కలిపిన నీళ్ళయితే కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి, పరీక్ష పట్టీతో ఇంట్లోనే చూసుకోవచ్చు.

మురుగు. వాన వెలిసిన గంటకు వెళ్ళగలిగితే అంతకంటే మంచి పరీక్ష లేదు. వానాకాలం కాకపోతే ప్రహరీ గోడల మీద అడ్డంగా ఒకే ఎత్తులో సాగే మట్టిచార కోసం చూడండి. నీళ్ళు అంత ఎత్తున నిలబడ్డాయని దాని అర్థం. గుమ్మాలకు కొత్తగా అడ్డుగోడలు కట్టుకున్నారంటే కూడా అదే. ఇంట్లో రెండు కుళాయిలు తిప్పి ఉంచి టాయిలెట్‌లో నీళ్ళు వదలండి. బాత్రూం జాలీలోంచి గుడగుడమని శబ్దం వచ్చినా, నీళ్ళు పైకి తన్నినా, గాలి గొట్టం మూసుకుపోయింది లేదా బయట లైను నిండిపోయింది. మొదటిది ఇంటి యజమాని చేయించగలడు. రెండోది వీధి సమస్య, మీ చేతిలో ఉండదు.

శబ్దం. పడకగదిలో రాత్రి 30 డెసిబెల్స్ లోపు ఉంటే నిద్ర చెడదు. ఫోన్ యాప్ కచ్చితమైన అంకె ఇవ్వదు కానీ, అదే ఫోన్‌తో రెండు ఇళ్ళను పోల్చడానికి సరిపోతుంది. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి శబ్దం రెట్టింపయినట్టు వినిపిస్తుంది. గాలి విషయంలో దగ్గరలోని కొలత కేంద్రం పీఎం 2.5 (గాలిలోని అతి సన్నని ధూళి) వార్షిక సగటు చూడండి. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన మార్గదర్శకం ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు. చాలా నగరాలు దాన్ని అందుకోలేవు కాబట్టి మీ అవసరానికి రెండు ప్రాంతాల మధ్య తేడా చూసుకుంటే చాలు. చెత్త ఎన్ని రోజులకోసారి ఎత్తుతారో అడగడం కంటే కుప్పనే చూడడం మేలు. కుళ్ళి నల్లబడిన అడుగు పొర ఉంటే వారం పైనుంచీ ఎవరూ ముట్టలేదు.

6. నిర్ణయం

తేలినవాటిని మీరు బాగుచేసుకోగలిగినవి, చేసుకోలేనివి అని రెండుగా విడదీయండి. వదులు తాళం, కిటికీ గ్రిల్, గుమ్మం దీపం మీరు మార్చుకోగలరు. వీధిలో నీళ్ళు నిలవడం, ఇంటికి వచ్చే ఏకైక దారిలో రోజూ వేధింపులు, వెనక సందులో పదేపదే దొంగతనాలు మీరు మార్చలేరు. రెండో జాబితాలో ఒక్కటున్నా, అద్దె ఎంత తక్కువైనా ఆ ఇల్లు వదిలేయండి.

7. చేరిన మొదటి వారంలో

తాళం సిలిండర్లు (తాళంచెవి దూరే భాగాలు) మార్పించండి. పాత తాళంచెవులు ఎవరెవరి దగ్గరున్నాయో యజమానికి కూడా తెలియదు. తాళం నాలుక చట్రంలోకి కనీసం 25 మిల్లీమీటర్లు దిగాలి. నాలుక దూరే పట్టీకి మామూలుగా వేసే అంగుళం లోపు స్క్రూలు ఒక్క తన్నుకే ఊడివస్తాయి. వాటి బదులు చట్రం దాటి గోడలోకి దిగే 75 మిల్లీమీటర్ల స్క్రూలు వేయించండి. గోడ రాయో ఇటుకో అయితే ప్లగ్ వేసి బిగించాలి. బయట వేలాడే కప్పతాళం ఇంట్లో ఎవరూ లేరని దారినపోయేవాళ్ళందరికీ చెబుతుంది కాబట్టి, తలుపులోనే ఇమిడిన తాళం వాడండి.

వెలగని దీపాల గురించి ఫిర్యాదు చేసేటప్పుడు స్తంభం మీది నంబరు రాసి ఇవ్వండి. "మా వీధిలో దీపం లేదు" అంటే వచ్చినవాళ్ళు వెతుక్కుని తిరిగి వెళ్ళిపోతారు. పక్కన పాడుబడ్డ స్థలం ఉంటే నలుగురూ కలిసి దాని యజమాని చేత శుభ్రం చేయించండి. ఫిలడెల్ఫియాలో ఖాళీ స్థలాలను ఊడ్చి, గడ్డి వేసి, పొట్టి కంచె కట్టిన ప్రయోగం ఫలితాలు 2018లో వచ్చాయి. పేద వాడల్లో అలాంటి స్థలాల చుట్టుపక్కల తుపాకీ హింస 29 శాతం తగ్గింది. వీధి వాట్సాప్ గ్రూపులో చేరండి. "ఎవరో అనుమానంగా తిరుగుతున్నారు" అనే మెసేజీలు మాత్రం ముందుకు పంపకండి. ఏ తేదీ, ఏ వేళ, ఏం చేస్తుండగా చూశారు అనేవి ఉంటేనే అది సమాచారం. లేకపోతే పని వెతుక్కుంటూ వచ్చిన అమాయకుడు దెబ్బలు తింటాడు.

చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా దొంగలు పడ్డారని తెలిస్తే ఆ తర్వాతి రెండు వారాలు చాలా జాగ్రత్తగా ఉండండి. ఐదు దేశాల్లోని పది ప్రాంతాల లెక్కలను 2007లో పోల్చి చూస్తే, దొంగలు పడ్డ ఇంటికి 200 మీటర్ల లోపున్న ఇళ్ళకు కనీసం రెండు వారాల పాటు ముప్పు పెరుగుతుందని అన్ని చోట్లా తేలింది. దారి తెలిసింది, ఎవరూ పట్టుకోలేదు, పక్కిళ్ళ తలుపులూ అలాంటివే. దొంగ మళ్ళీ అక్కడికే వస్తాడు. ఆ పదిహేను రోజులు నిచ్చెన లోపల పెట్టండి, వెనక కిటికీ గడియలు రోజూ సరిచూడండి, సాయంత్రం ఇంట్లో లేకపోతే టైమరుతో లోపల ఒక దీపం వెలిగేలా చేయండి, మధ్యాహ్నం 2 ప్రాంతంలో ఒకరి ఇల్లు ఒకరు చూసి వచ్చేలా పక్కవాళ్ళతో వంతులు వేసుకోండి.